బండే చూసుకుంటుందిలే బాబాయ్!

"బండే చూసుకుంటుందిలే బాబాయ్, నువ్వు మరీ భయపడతావు!"

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర మా పక్క టీము కుర్రాడు నాతో అన్న మాట ఇది. కుర్రాడంటే మరీ కుర్రాడేం కాదు, పెళ్ళయింది, ఓ పాప కూడా ఉంది. కొత్తగా పికప్ ట్రక్కు కొన్నాడు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా ఐ-45 మీద వెళ్తూ దార్లో రెండు స్టేటస్ మీటింగులు, ఒక కోడ్ రివ్యూ కానిచ్చేశాడట. కోడ్ రివ్యూ! డెబ్భై మైళ్ళ వేగంతో పోతూ! చుట్టూ కూర్చున్న నలుగురూ "అబ్బో" అన్నారు. ఒక్కడు కూడా "నీకేమన్నా పిచ్చా?" అనలేదు.

నేనూ అనలేదు. ఎందుకనలేదో తర్వాత చెప్తాను. ముందు నా వాదన ఏంటో సూటిగా చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు :)

పికప్ ట్రక్కుల్లో వస్తున్న లేన్ సెంటరింగ్, అంటే బండిని గీతల మధ్య దానంతటదే నడిపించే సదుపాయం, పనిచెయ్యట్లేదని కాదు నా గొడవ. చాలాసేపు బాగానే పనిచేస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అస్తమానం చెడిపోయే వస్తువుని ఎవడూ నమ్మడు. ఎప్పుడో గానీ తప్పు చెయ్యని వస్తువునే మనిషి నమ్మి కళ్ళు మూసుకుంటాడు. ఆ "ఎప్పుడో" వచ్చినప్పుడు తేరుకోవడానికి కారులో ఉన్నంత వ్యవధి ట్రక్కులో ఉండదు. ఆ సంగతి తెలిసీ దాన్ని నెలవారీ చందా కట్టించుకునే విలాసంగా అమ్ముతున్న కంపెనీలది ఒక తప్పు. సాఫ్ట్‌వేర్ ఎలా తయారవుతుందో లోపలినుంచి తెలిసి కూడా దానికి పెళ్ళాం పిల్లల్ని అప్పగిస్తున్న మనది రెండో తప్పు. నా దృష్టిలో రెండోదే పెద్దది.

సరే, అసలు విషయానికొద్దాం.

పికప్ అనగానే కూరగాయలేసుకెళ్ళే బొలేరో గుర్తు తెచ్చుకోకండి. ఇక్కడ పికప్ అంటే నలుగురూ ఐదుగురూ సుఖంగా కూర్చునే ఇల్లులాంటి బండి, వెనక తొట్టి ఒకటి అదనం. అమెరికాలో 1977 నుంచీ ఎక్కువగా అమ్ముడుపోతున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-సిరీస్. టెక్సాస్‌లో నాలుగేళ్ళుంటే మనవాళ్ళకీ ఆ గాలి సోకుతుంది. మొదట్లో కామ్రీ, తర్వాత ఒడిస్సీ, గ్రీన్ కార్డు వచ్చాక ట్రక్కు. నాదీ అదే కథ.

ఇందులోకి ఈ ఆటోమేటిక్ స్టీరింగు ఎప్పుడొచ్చిందంటే, 2017లో జీఎం వాళ్ళు కాడిలాక్ కారులో సూపర్ క్రూయిజ్ అని మొదలుపెట్టారు. 2021లో ఫోర్డ్ వాళ్ళు ఎఫ్-150కి బ్లూక్రూయిజ్ ఇచ్చారు. 2022 మోడల్ జీఎంసీ సియెర్రాకి సూపర్ క్రూయిజ్ వచ్చింది, వెనక ట్రెయిలర్ తగిలించినా పనిచేసేలాగా. ఈ రెండూ కొన్ని హైవేల మీద చేతులు వదిలెయ్యనిచ్చే రకం. 2022 టొయోటా టండ్రాలో వచ్చింది చేతులు స్టీరింగు మీదే ఉంచాల్సిన రకం. 2025 రామ్ 1500లో ఖరీదైన ట్రిమ్ములకి చేతులు వదిలేసే రకం వచ్చింది. ఎవరి పేరు వాళ్ళది గానీ ఇవన్నీ ఒకే కులం. ఎస్.ఎ.ఇ. వాళ్ళ లెక్కలో లెవెల్ 2. అంటే స్టీరింగూ వేగమూ బండి చూస్తుంది, రోడ్డు మాత్రం మనిషే చూడాలి. ఏ క్షణంలోనైనా, ముందస్తు నోటీసు లేకుండా, బాధ్యత మనిషిదే.

ఈ చివరి వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి. మన ఆన్-కాల్ డ్యూటీ లాంటిదే, కాకపోతే ఇక్కడ పేజర్ మోగకపోవచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో మనవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ముందు అద్దం వెనకాల, వెనకచూపు అద్దానికి దగ్గర్లో, కెమెరా ఒకటుంటుంది. అది రోడ్డు మీది గీతల్ని పట్టుకుంటుంది. దొరికిన చుక్కలన్నిటికీ ఒక వంపుగీతని సరిపెడుతుంది. రెండు గీతల నడుమ బండి పోవలసిన దారిని ఊహిస్తుంది. ఇప్పుడున్న చోటికీ ఉండాల్సిన చోటికీ తేడా ఎంతో చూసి, స్టీరింగుకున్న ఎలక్ట్రిక్ మోటారుకి ఇంత తిప్పు అని చెబుతుంది. సెకనుకి ఎన్నోసార్లు ఇదే పని. ఫీడ్‌బ్యాక్ లూప్, అంతే. కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ పేపరు గట్టెక్కినవాళ్ళెవరికైనా వెంటనే రెండు ప్రశ్నలు రావాలి. ఇన్‌పుట్ తప్పైతే ఏంటి? ప్లాంటు మారిపోతే ఏంటి?

ట్రక్కులో ఈ రెండూ జరుగుతాయి.

దానికంటే ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఫోర్ట్ వర్త్ దాటి ఐ-20 మీద అబిలీన్ వైపు, గాలి లేని పగటిపూట, కొత్తగా గీతలేసిన రోడ్డు మీద, ఖాళీ ట్రక్కులో ఇది స్వర్గం. మూడు గంటల ప్రయాణం తర్వాత భుజాలు లాగవు, మెడ పట్టెయ్యదు. క్షణక్షణం స్టీరింగుని అటొక వెంట్రుకవాసి ఇటొక వెంట్రుకవాసి సర్దే చాకిరీ మనకి తప్పిస్తుంది. సూపర్ క్రూయిజ్ లాంటివి ముందే లైడార్‌తో కొలిచి పెట్టుకున్న మ్యాపుని కూడా వాడతాయి, మ్యాపులో లేని రోడ్డు మీద ఆన్ అవ్వనే అవ్వవు. ఇది తెలివైన పని. తన హద్దు తనకి తెలిసిన సాఫ్ట్‌వేర్ మీద నాకు గౌరవం.

ఇప్పుడు లెక్కలు.

అమెరికా ఇంటర్‌స్టేట్ మీద లేను వెడల్పు 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. ఎఫ్-150 ఒళ్ళు, అద్దాలు కలపకుండా, సుమారు 80 అంగుళాలు. సరిగ్గా మధ్యలో పోతుంటే రెండు పక్కలా 32 అంగుళాల చొప్పున మిగులు. అద్దాలు కలిపితే దాదాపు 96, అప్పుడు మిగులు 24. కామ్రీకి ఒళ్ళు 72 అంగుళాల చిల్లర, మిగులు దాదాపు 36. తేడా నాలుగంగుళాలేగా అంటారా? ఆగండి. రోడ్డు పని జరిగేచోట లేన్లని 10 అడుగులకి కుదించడం మామూలే. అప్పుడు ట్రక్కుకి పక్కన మిగిలేది 20 అంగుళాలు, అద్దాలు కలిపి 12. వెనక చట్టం ఒప్పుకునేంత పూర్తి వెడల్పు ట్రెయిలర్, అంటే 102 అంగుళాలది తగిలిస్తే, మిగిలేది 9 అంగుళాలు. జానెడు!

ఇంకో లెక్క. గంటకి 70 మైళ్ళంటే సెకనుకి 103 అడుగులు. బండి ముక్కు ఒకే ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకోండి, సెకనుకి 21 అంగుళాల చొప్పున పక్కకి జరుగుతుంది. పూర్తి లేనులో ఖాళీ ట్రక్కుకి గీత తగలడానికి ఒకటిన్నర సెకను. పది అడుగుల లేనులో ఒక సెకను కూడా లేదు. ఆ పూర్తి వెడల్పు ట్రెయిలరుతో అదే పది అడుగుల లేనులో అయితే అర సెకను లోపే. ఫోన్లోంచి తలెత్తి, ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, స్టీరింగు తిప్పేదాకా ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. ఒక్క డిగ్రీకే ఇదీ సంగతి!

ఇహ ప్లాంటు మారిపోవడం. కారులో నలుగురెక్కినా దాని స్వభావం పెద్దగా మారదు. ట్రక్కు అలా కాదు. ఇవాళ ఖాళీ, రేపు తొట్టిలో వెయ్యి పౌండ్ల ఇసుక, ఎల్లుండి వెనక పడవ. వెనక బరువు పడితే తోక కుంగుతుంది, ముక్కు లేస్తుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలికవుతుంది. ముక్కుతో పాటు కెమెరా చూపు కూడా లేస్తుంది. సాఫ్ట్‌వేర్ కొంతవరకూ సర్దుకుంటుంది, కాదనను. కానీ సర్దుకోవడానికీ ఒక హద్దుంటుంది. దీనికి తోడు మనవాళ్ళలో కొందరికి లిఫ్ట్ కిట్ల పిచ్చి, నాలుగంగుళాలు పైకెత్తి పెద్ద టైర్లు వేయించేస్తారు. కెమెరాని మళ్ళీ కాలిబ్రేట్ చేయించారా అనడిగితే "అదేంటి?" అంటారు. పైగా ట్రక్కు ఒళ్ళు గోడలాంటిది. ఓక్లహోమా సరిహద్దులో పక్కగాలి కొట్టిందంటే చేత్తో పట్టుకున్నవాడికే నరాలు తెలుస్తాయి.

గీతల సంగతి సరేసరి. టెక్సాస్ కాంక్రీటు రోడ్లు లేత రంగులో ఉంటాయి, దాని మీద తెల్లగీత. ఎదురెండలో రెండూ ఒకటే. పగుళ్ళలో పోసిన తారు వాన పడ్డాక నల్లగా మెరుస్తూ అదీ ఒక గీతలాగే కనబడుతుంది. ఎగ్జిట్ దగ్గర కుడిగీత ఎగ్జిట్ వైపు వెళ్ళిపోతుంది, లేను ఒక్కసారిగా రెండింతలవుతుంది. ఇప్పుడు మధ్య ఎక్కడ? మధ్యన పోవడమే ధర్మంగా పెట్టుకున్న బండి నింపాదిగా కుడివైపుకి జరిగి, విడిపోయే చోట ఉన్న ఆ త్రికోణం ముక్కకి గురిపెడుతుంది. దీన్ని నేను కనీసం అరడజను సార్లు చూశాను. 2023 డిసెంబరులో వచ్చిన జాతీయ రోడ్డు గుర్తుల మాన్యువల్ హైవేల మీద గీతల్ని ఆరంగుళాల వెడల్పుకి మార్చమంది. మంచిదే. కానీ ఉన్న రోడ్లన్నిటికీ కొత్త గీతలు పడేదెప్పుడు?

అన్నట్టు, మంచి డ్రైవరు లేను మధ్యలో నడపడండీ. పక్కన పద్దెనిమిది చక్రాల లారీ వస్తే ఒక అడుగు అవతలికి జరుగుతాడు. వెనక ట్రెయిలరుంటే ర్యాంపు మలుపులో బయటి గీతకి దగ్గరగా పోతాడు, ఎందుకంటే ట్రెయిలరు చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. "మధ్య" అనేది జ్యామితి, "క్షేమం" అనేది వేరే. ఫోర్డ్ వాళ్ళు 2022లో ప్రకటించిన బ్లూక్రూయిజ్ 1.2లో పక్కన పెద్దబండి ఉంటే లేనులోనే కాస్త అవతలికి జరిగే ఏర్పాటు పెట్టారు. మెచ్చుకోవాలి. కానీ ఒక్క చిన్న ప్రశ్న. మొదటి రోజునుంచీ ప్రతి ట్రక్కు డ్రైవరుకీ తెలిసిన సంగతి వెర్షన్ 1.2 దాకా ఎందుకాగింది?

ఇప్పుడు నా కథ.

క్రితం వేసవిలో మా తోడల్లుడు ఆస్టిన్‌లో ఇల్లు కొన్నాడు. సామాను చేరెయ్యడానికి ట్రక్కున్న చుట్టం నేనొక్కణ్ణే. తొట్టిలో సోఫా, వెట్ గ్రైండరు, రెండు గ్రానైటు పలకలు, పుస్తకాల పెట్టెలు, బియ్యం బస్తాలు. ముందు మా ఆవిడ, వెనక మా అబ్బాయీ, మా అత్తగారూ. ఐ-35 మీద వేకో దాటాక రోడ్డు పని. లేన్లని ఎడమ పక్కకి జరిపి కొత్త గీతలు వేశారు, పాత గీతల్ని గీకేశారు. సాయంత్రం ఏడున్నర, పడమటి ఎండ ఏటవాలుగా కొడుతోంది. గీకేసిన మచ్చలే కొత్తగీతల కంటే తెల్లగా మెరుస్తున్నాయి. కుడి పక్కన కాంక్రీటు గోడ.

నా ఎడం చెయ్యి స్టీరింగు మీదే ఉంది. కళ్ళు మాత్రం ఫోన్ మీద ఉన్నాయి. ప్రొడక్షన్‌లో ఒక జాబ్ పడిపోయింది, ఆఫ్‌షోర్ నుంచి "సార్, రీస్టార్ట్ చెయ్యమంటారా?" అని మెసేజ్. "ఎస్" అని కొట్టడానికి ఎంతసేపు?

"ఏవండీ! గోడ!"

మా ఆవిడ అరవకపోతే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. బండి పాత గీతల వెంట తిన్నగా గోడ మీదకి పోతోంది. బీప్ లేదు, ఎర్రలైటు లేదు. దాని లెక్కలో అది రెండు గీతల మధ్య చక్కగానే పోతోంది మరి! ఎడమకి గుంజాను. కుడి అద్దం గోడకి రాసుకుని పగిలిపోయింది. వెనక బస్తాలన్నీ ఒక పక్కకి ఒరిగాయి. పక్క లేనులో ఆ క్షణాన ఎవరూ లేకపోవడం మా పెద్దలు చేసుకున్న పుణ్యం. తర్వాత పదిమైళ్ళ దాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి మా అత్తగారు మాత్రం "కాస్త చూసి పోనివ్వండి బాబూ" అన్నారు. ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

వారం తర్వాత బండిని డీలరు సర్వీసుకి తీసుకెళ్ళాను (ఎవరన్నది ఎందుకులెండి, ఎవరైనా అదే చెప్తారు). రెండ్రోజులుంచుకున్నారు. కెమెరా చూశారు, కోడ్‌లు చదివారు. కాగితం మీద రాసిచ్చిన మాట: అనుకున్న విధంగానే పనిచేస్తోంది. కౌంటరు దగ్గరాయన మర్యాదగానే "రోడ్డు పని జరిగేచోట వాడొద్దని మాన్యువల్లో ఉంది కదా సార్" అన్నాడు. నిజమే, ఉంది. బరువుంటే జాగ్రత్త, ఎదురెండలో జాగ్రత్త, వానలో జాగ్రత్త, గీతలు మాసిపోతే జాగ్రత్త, అన్నీ ఉన్నాయి. బండి అమ్మేటప్పుడు ఆ పేజీ ఎవరూ తెరిచి చూపించలేదు. అప్పుడు చూపించింది స్టీరింగు మీద చేతులు లేకుండా నవ్వుతున్న కుటుంబం వీడియో.

"వర్కింగ్ యాజ్ డిజైన్డ్". పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఈ మూడు ముక్కలు రాసి నేను మూసేసిన టికెట్లు ఎన్నో. అవతలివాడికి ఎలా ఉంటుందో ఆ కౌంటరు దగ్గర నిలబడ్డాకే తెలిసొచ్చింది.

లంచ్ టేబుల్ దగ్గర నేను నోరు మెదపకపోవడానికి కారణం ఇదే. నేను వాడికంటే ఒక్క అద్దం ఎక్కువ పోగొట్టుకున్నవాణ్ణి, అంతే తేడా.

ఇది నా ఒక్కడి తలరాత అనుకుంటే పొరపాటు. 2020లో ట్రిపుల్-ఎ వాళ్ళు ఇలాంటి వ్యవస్థలున్న బళ్ళని 4,000 మైళ్ళు నడిపి చూస్తే సగటున ప్రతి 8 మైళ్ళకీ ఏదో ఒక తేడా వచ్చింది. అందులో 73 శాతం లేను విషయంలోనే, గీత దాటడమో, అటూ ఇటూ ఊగడమో. 2024 మార్చిలో ఇన్సూరెన్సు వాళ్ళ పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ 14 వ్యవస్థలకి మార్కులేసింది. ఇవి గీత మధ్య ఎంత బాగా నడుస్తుందని కాదు, డ్రైవరు పరధ్యానంలో పడకుండా ఎంత బాగా కాపలా కాస్తుందని. గుడ్ ఒక్కదానికీ రాలేదు. ఒక లెక్సస్‌కి ఫర్వాలేదు అన్నారు. జీఎంసీ సియెర్రాలోని సూపర్ క్రూయిజ్‌కీ, ఒక నిస్సాన్‌కీ అత్తెసరు మార్కులు. మిగిలిన 11 తప్పాయి. అంటే ట్రక్కు అత్తెసరు పాసై క్లాసులో పైవరసలో నిలబడింది! అదే ఏడాది జులైలో అదే సంస్థ ఇంకో మాట తేల్చింది. ఈ వ్యవస్థల వల్ల ప్రమాదాలు తగ్గుతున్నాయనడానికి నమ్మదగ్గ ఆధారం కనబడలేదని. పవర్ విండోల్లాగా ఇదొక సౌఖ్యమే తప్ప రక్షణ కాదని.

2024 ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో ఐ-10 మీద రాత్రిపూట బ్లూక్రూయిజ్‌తో పోతున్న ఒక మస్టాంగ్ మాక్-ఈ, లేనులో ఆగి ఉన్న కారుని గుద్దింది. ఆగిన కారులో మనిషి పోయాడు. మార్చిలో ఫిలడెల్ఫియాలో ఇంకోటి. ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఎ. దర్యాప్తు మొదలుపెట్టి 2025 జనవరిలో దాని స్థాయి పెంచింది. అవి ట్రక్కులు కావు, నిజమే, కానీ అదే పేరుతో ఎఫ్-150లో నడుస్తున్నదీ ఆ కంపెనీ వ్యవస్థే. గీతల మధ్య ఉండటమే డ్రైవింగ్ కాదని అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

2018 మార్చిలో కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూ దగ్గర టెస్లాలో పోయినాయన మనలాంటి ఇంజనీరే. హైవే రెండుగా చీలే చోట బండి ఆ త్రికోణం ముక్కలోకి దూరి దిమ్మెని గుద్దింది. ఆయన ఫోనులో ఆట ఆడుతున్నాడని 2020లో ఎన్.టి.ఎస్.బి. తేల్చింది. ఇందులో నన్ను నిద్రపోనివ్వని సంగతేంటంటే, అదే చోట బండి పక్కకి లాగుతోందని ఆయన అంతకుముందే ఇంట్లోవాళ్ళకి చెప్పాడు. బగ్ తెలుసు, చోటు తెలుసు. అయినా నమ్మాడు.

ఇలా రాస్తే మనవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు.

మొదటిది, "మనుషులు చేసే తప్పులు ఇంతకంటే ఎక్కువ కదా?" అవును. కానీ ఇక్కడ పోటీ మనిషికీ మెషీనుకీ కాదు. మెలకువగా ఉన్న మనిషికీ, మెషీను జోకొట్టి నిద్రపుచ్చిన మనిషికీ. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే ఆవిడ 1983లోనే ఆటోమేషన్ గురించి ఒక పేపరు రాసింది. సారాంశం ఇదీ: తేలిక పనులన్నీ యంత్రానికిచ్చి, కష్టమైన పనీ కాపలా పనీ మనిషికి వదిలేస్తే, ఆ మనిషికి అలవాటు తప్పుతుంది, అవసరం పడ్డప్పుడు చేతకాదు. నలభై ఏళ్ళు దాటింది. మనం ఇంకా అదే డిజైను అమ్ముతున్నాం.

రెండోది, "నీది పాత వెర్షను బాబాయ్, కొత్తది సూపరు." కావచ్చు. వచ్చే వెర్షనులో సరిపోతుందని క్లయింటుకి మనం ఎన్నిసార్లు చెప్పాం? ఎన్నిసార్లు సరిపోయింది? పైగా బాగుపడేకొద్దీ నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగేకొద్దీ చూపు రోడ్డు మీంచి లేస్తుంది.

మూడోది, "ఫోన్ చూసింది నువ్వు, తప్పు నీది." నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే దాచకుండా రాశాను. కానీ చేతులు వదిలెయ్యమని ప్రకటనలో చెప్పి, వదలొద్దని మాన్యువల్లో రాసి, వదిలినవాడిదే తప్పని సర్వీసులో చెప్పడం ఏ న్యాయం? పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. లాభం కంపెనీది, రిస్కు మా అబ్బాయిది.

ఊరికే తిట్టిపోస్తే ప్రయోజనం లేదు కాబట్టి కంపెనీల్ని నేను అడిగేది ఇదీ. ఒకటి, తొట్టిలో బరువెంతుందో, ట్రెయిలరుందో లేదో, ఎత్తు మారిందో లేదో తెలుసుకుని, హద్దు దాటితే ఆన్ అవ్వనివ్వకండి. హద్దు ఎంతో మాన్యువల్లో ఫలానా పేజీలో కాదు, తెర మీద చెప్పండి. రెండు, ఎంత నమ్మకంతో నడుపుతున్నావో చూపించండి. గీతలు అనుమానంగా ఉంటే "నాకు సరిగ్గా కనబడట్లేదు" అని మనిషికి చెప్పడానికి ఏం నామోషీ? మూడు, నారింజ రంగు బోర్డులూ డ్రమ్ములూ కెమెరాకి కనబడితే స్టీరింగు మనిషికి అప్పగించండి. నాలుగు, ఎక్కడెక్కడ డ్రైవరు గుంజుకోవాల్సి వచ్చిందో ఆ లెక్క ఎలాగూ మీ సర్వర్లకి చేరుతుంది, ఏడాదికోసారి బయటపెట్టండి. ఐదు, కళ్ళు చూసే కెమెరా లేకుండా ఈ సదుపాయం అమ్మకండి. స్టీరింగు మీద చెయ్యి ఉందా లేదా అన్నది పరీక్ష కాదు, నా చెయ్యి ఉంది కదా! (మావాడొకడు స్టీరింగుకి నీళ్ళసీసా వేలాడదీసి దాన్ని ఏమారుస్తాడు. ఎడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటరుకి అంటించే జాతి మనది.)

ప్రభుత్వం కూడా కాస్త కళ్ళు తెరవాలి. ఆటోమేటిక్ బ్రేకులు 2029 సెప్టెంబరుకల్లా తేలికబళ్ళన్నిటికీ, పికప్పులతో సహా, ఉండాలని 2024 ఏప్రిల్‌లో రూలు తెచ్చారు. ప్రాణం కాపాడేదానికి రూలుంది. లేన్ సెంటరింగ్ ఇంత మాత్రం పనిచెయ్యాలని చెప్పే అలాంటి ప్రమాణం మాత్రం లేదు.

ఇహ మన సంగతి. హైదరాబాదులో ఉన్న మా బావమరిది ఈ మధ్యే ఎడాస్ ఉన్న బండి కొన్నాడు. "బావా, ఔటర్ మీద వదిలేస్తే అదే పోతోంది!" అని వీడియో పంపాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గీతలు బాగానే ఉంటాయి. కానీ గీతల్ని పట్టించుకోని లారీలూ ఉంటాయి, సర్వీసు రోడ్డు నుంచి ఎదురొచ్చే బండీ ఉంటుంది. ఆ వీడియో తీసింది ఎవరురా అనడిగాను. "నేనే" అన్నాడు. నడుపుతోంది ఎవరు మరి?

మన కోడు లాంటి కోడే ఆ బండిలోనూ ఉంది. శుక్రవారం సాయంత్రం రిలీజ్ చెయ్యడానికి మనం ఎంత భయపడతామో గుర్తు తెచ్చుకోండి. టెస్టింగుకి టైము లేక "ఇలాంటి కేసు రాదులే" అని వదిలేసిన సందర్భాలు గుర్తు తెచ్చుకోండి. గీకేసిన గీతలు, పడమటి ఎండ, వెనక గ్రానైటు పలకలు, ఇవన్నీ కలిసిన కేసు ఎవడో ఒకడి లిస్టులో ఉండే ఉంటుంది, ప్రయారిటీ 3 కింద.

నేను లేన్ సెంటరింగ్ పూర్తిగా మానేశానా అంటే లేదు. ఖాళీ బండి, తిన్నని రోడ్డు, పగటివేళ అయితే వాడతాను. రెండు చేతులూ స్టీరింగు మీద, ఫోను గ్లవ్ బాక్సులో. తొట్టిలో బరువున్నా, నారింజ బోర్డు కనబడినా, వాన చినుకు పడినా ఆపేస్తాను. ఎండ కళ్ళల్లో కొడుతుంటే దానికీ కొడుతున్నట్టే లెక్క.

ఇది రాసి ముందు ఆ కుర్రాడికే పంపాను. రాత్రి పొద్దుపోయాక జవాబొచ్చింది: "అద్దం సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

సిగ్గేసింది నాయనా, అందుకని.